బద్ధకం బుడ్డి

అమ్మా, ఆస్పత్రికి క్షేమంగా చేరాం. క్షేమం అంతటితో సరి.

ఆడుతూ ఆడుతూ గొంతుక్కూర్చుంటుందని చెల్లాయి కూతుర్ని "బద్ధకం బుడ్డి" అంటాం కదా. పుట్టుకతోనే గుండెలో లోపం ఉందట. ఊపిరి అందక అలా కూర్చునేదట. "ఎందుకలా కూర్చుంటావమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "నేను బద్ధకం బుడ్డిని కదా!" అంది. పసితనంలోనే ఆపరేషన్ చేయిస్తే మామూలు పిల్లలా పెరిగేదట. ఆరేళ్లు ఆలస్యం చేశాం, ఇప్పుడు ఆశ తక్కువేనట.

కడుపుతో ఉన్నప్పుడు చెల్లాయి ఏదో తప్పు చేసిందని వాళ్లత్తగారు అంటే ఊరుకోకు. తప్పు చెల్లాయిది కాదు, పుట్టిన బిడ్డ గుండె చప్పుడు వినే నాథుడే లేని ఈ సర్కారుది. పాప పాత దుప్పటి పంపు. పెరటి కుళాయి కారడం ఆగిందా?

లోకాన్నంతా కడిగేసే నేనే ఆ పేరు పెట్టాను. నువ్వైనా దాన్ని అసలు పేరుతో దీవించు.