మీ తమ్ముడికి మందు పోయలేదు

రొసాలియా అమ్మా,

మీ తమ్ముడు హెర్నాన్ శుక్రవారం లిమాకు తిరిగి వస్తున్నాడు. మీరు ఎంత ఆశతో అతన్ని మా ఉకయాలి నది ఒడ్డుకు వైద్యానికి పంపారో నాకు తెలుసు. అయినా అతనికి మా అడవి తీగతో కాచే అయహువాస్కా కషాయం పోయలేదు. దిగులు తగ్గడానికి డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాడు. రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

"ఇంత దూరం వచ్చింది పథ్యమంటూ ఉడికించిన అరటికాయలు తినడానికా అవ్వా?" అని నామీద విరుచుకుపడ్డాడు.

"ఎంతైనా తిట్టు నాయనా, మందు మాత్రం పొయ్యను. డాక్టర్ని అడక్కుండా ఆ మాత్రలు మానకు" అన్నాను.

వెళ్లిపోతాడనుకున్నాను, ఉండిపోయాడు. నిన్న నేను చేపలు కడుగుతూ మా వైద్యం పాట పాడుకుంటుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు. పడవ మునిగి మీ భర్త ఎలియాస్ పోయిన రోజు, అతని చెయ్యి తన పట్టు నుంచి జారిపోయిందని మీతో చెప్పాడట. జారలేదట, భయంతో తానే వదిలేశాడట. అది చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పాట ఆపలేదు.

మీ ముఖం చూస్తే మాట రాదని, ముందు నన్నే రాయమన్నాడు. మిగిలింది తానే చెబుతాడు. కోపం వస్తే కోప్పడండి, ఏడుపొస్తే ఏడవండి. తలుపు మాత్రం వేసెయ్యకండి.

ఇట్లు,
హెర్నాన్ అవ్వా అని పిలిచే మనిషి