హేమ తుంటి నొప్పి

హేమ నాయనా,

మన పాప ఇంక నడవలేదేమో అనేదే నా భయం. కాలు బెణికింది కాదంట. తుంటి కీలులో చీము పట్టిందని పొద్దున స్కానింగులో తేలింది, జరం కూడా దానికేనంట. ఈ దినమే ఆపరేషన్ చేసి చీము కడిగేస్తే బాగవుతాదని డాక్టరమ్మ చెప్పింది. తిరుపతి పెద్దాసుపత్రికి తీసకపోతా ఉండాను. ఆపరేషనుకి సంతకం నేనే పెడతాను. పాప దుప్పటి తీసుకోని రా. నువ్వు ఫోను ఇంట్లో పెట్టి ఫ్యాక్టరీకి పోతే నేను ఎవురికి చెప్పుకోవాల?

ఇంకొకటి. నూనె పెట్టి కాలు లాగింది తానే అని అత్త పొద్దున్నుంచి గంజి కూడా ముట్టలేదు. నేనూ వద్దనలేదు గదా. రుద్దినందుకు చీము పట్టదని డాక్టరమ్మే చెప్పింది. నేను చెప్తే అత్త నమ్మలేదు, నువ్వు చెప్పు. పెరట్లో కూర్చోని ఉండాది. ఆమె తినిందాకా చూసి రా.