పెట్రోల్లో కలపాల్సిన ఆయిల్

అక్కా,

బావ మితిమీరిన వేగంతో పోయి పడ్డాడని అందరూ అంటున్నారు. తొందరగా రమ్మని ఫోన్ చేసి నేనే చంపుకున్నానని నువ్వు ఏడుస్తున్నావు. నీ తప్పేం లేదు. నిన్న నా షెడ్డులో ఆ బండి ఇంజిన్ విప్పాను. పిస్టన్ సిలిండర్‌కి పట్టేసింది. అందుకే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

బావ ఇన్నేళ్లూ నడిపింది ఫోర్ స్ట్రోక్ బండి. దాని ఆయిల్ ఇంజిన్లోనే విడిగా ఉంటుంది. నేను అమ్మిన ఈ చిన్న టూ స్ట్రోక్‌కి పెట్రోల్ పోయించిన ప్రతిసారీ అందులో ఆయిల్ కలపాలి. కొన్న రోజు ఒక చుట్టు తిరిగొచ్చి, "నా పాత బండి బరువుగా లాగేదిరా, ఇది చెంగున దూకుతోంది" అన్నాడు. అంత సంబరం చూస్తూ అసలు మాట చెప్పడం మరిచిపోయాను. నేను కలిపి పోసింది అయిపోయాక, బావ బంకులో ఉత్త పెట్రోల్ పోయించుకున్నాడు. ఆయిల్ తడి లేకే పిస్టన్ వేడెక్కి పట్టేసింది.

ఆసుపత్రి వరండాలో నువ్వు నా భుజం మీద వాలినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

రేపు పొద్దున పోలీసులకు ఇదంతా చెబుతాను. వాళ్ల నోట నువ్వు వినకూడదని ముందుగా రాస్తున్నాను. నీ గుమ్మం తొక్కొద్దంటే తొక్కను. పిల్లలు మామయ్య ఏడని అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు.

నీ తమ్ముడు