ఆవిరి కలవని రెండు ఓవెన్లు

బ్రూక్లిన్,
ఆదివారం ఉదయం.

దేవుడి దయవల్ల,

ప్రియమైన అమ్మకు, నీ బ్లూమా ప్రేమతో రాస్తున్నది. నేనిక్కడ ఒళ్లూ మనసూ బాగుండి, వేళకింత తింటూ క్షేమంగా ఉన్నాను. యెరూషలేములో నువ్వూ, చెల్లీ, దాని కవలలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. త్సిరెల్ అత్త మనవడి పెళ్లి వైభవంగా జరిగింది. దానికని వచ్చిన నాన్న ఈ సాయంత్రం విమానం ఎక్కుతున్నారు. ఈ ఉత్తరం ఆయన సంచిలోనే వస్తోంది. నువ్వడిగితే ఆయన ఇక్కడి కబుర్లన్నీ మూడు ముక్కల్లో తేల్చేస్తారు కనక, నేను తీరుబడిగా రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. దగ్గు తగ్గింది. నువ్వు పంపిన చలికోటు భుజాల దగ్గర కాస్త బిగుతు, అయినా వేసుకుంటున్నాను. స్కూల్లో ఈ ఏడు నాకు నాలుగో తరగతి అప్పగించారు. ఆ పిల్లలు నన్ను కాల్చుకు తింటున్నారు, వాళ్లు లేకపోతే నాకు తోచదు కూడా. సంబంధాలు చూసే ఆవిడ కొత్తగా ఎవరి పేరూ తేలేదు. ఇక నువ్వు రెండుసార్లు గీత గీసి మరీ రాసిన ప్రశ్న: "నీ ఒక్కదానికి రెండు అరల ఓవెన్ ఎందుకే? పెళ్లికొడుకు కుదరనీ, మనిద్దరం కలిసి వెళ్లి కొందాం." అమ్మా, నాకు ముప్పై తొమ్మిదేళ్లు. ఓవెన్ కొనేశాను.

ఆగు, మొత్తం చదివాక కోప్పడు.

ఈ ఇంట్లో ఇన్నాళ్లూ ఉన్నది ఒకటే ఓవెన్. అందులో మాంసం వండుతాను, మాంసమూ పాలూ కలవకూడదన్న మన నియమం కొద్దీ పాలతో చేసేది ఏదీ అందులో పెట్టడానికి లేదు. చీజ్ కేకు చేయాల్సిన పండగ వచ్చిందంటే కలిపిన పిండి చంకన పెట్టుకుని త్సిరెల్ అత్త ఇంటికి పరుగు. నాన్న చెల్లెలి సంగతి నీకు తెలియనిదేముంది! తలుపు తీస్తూనే, "వచ్చావా? ఈ ఏడు కూడా ఒక్కదానివే వచ్చావా?" అనేది. ఓవెన్ మాట చెవిన పడ్డప్పటినుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"గోడలో రెండు ఓవెన్లు పెట్టించుకున్న పిల్లకి సంబంధం ఎవరు తెస్తారే? ఇది స్థిరపడిపోయింది, దీనికి మొగుడెందుకులే అనుకోరూ?"

"అనుకోనీ అత్తా. అనుకునేవాళ్లకి నేనేం వండిపెట్టట్లేదుగా!"

కొనడం మాత్రం తేలిగ్గా అవలేదు. మా మతగురువు రబ్బీని అడిగితే, కింద అరలో మాంసం ఉడికే ఆవిరి పైన పాలవంట అరలోకి చేరేదైతే అవి పేరుకే రెండు, లెక్కకు ఒకటే అన్నారు. దుకాణదారు పెర్లోవ్ ఏమో, "తలుపులు వేరు, మీటలు వేరు, ఇంకేం కావాలమ్మా?" అంటాడు. మాటలు నాకెందుకు! సంచిలోంచి ఒక పారేసే రేకు పళ్లెం తీశాను. అందులో నీళ్లు, ఉల్లిపాయలు, దంచిన వెల్లుల్లి వేసి కింద అరలో పెట్టి మంట పెంచమన్నాను. పై అరలో నా చేతి అద్దం పెట్టి తలుపు మూశాను.

"మొహం చూసుకోవడానికి నా ఓవెనే దొరికిందా తల్లీ?" అన్నాడు పెర్లోవ్.

"నా మొహం కాదండీ, మీ ఓవెన్ మొహం చూద్దామని."

నీళ్లు బాగా మరిగాక తీసి చూస్తే అద్దం మీద మబ్బు కమ్మేసింది. దుకాణంలో రెండో రకం ఓవెన్లోనూ అంతే. ఈలోగా వెల్లుల్లి వాసన వీధిలోకి వెళ్లి, పిల్లల బళ్లు తోసుకుంటూ పోయే ఆడవాళ్లంతా లోపలికి వచ్చేశారు. "ఆ మూలదాంట్లో పెట్టి చూడండి!" అని ఒకావిడ, "ముందు మంచి గుడ్డ తెచ్చి ఆ అర తుడవండి!" అని ఇంకొకావిడ. పెర్లోవ్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. మూడోదాంట్లోంచి తీసిన అద్దం పొడిగా, పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారమ్మా! ఇద్దరు అక్కడికక్కడే అదే రకం తమకూ కావాలన్నారు. పెర్లోవ్ చెమట తుడుచుకుంటూ, "మీరు రోజూ వచ్చి అద్దం పెట్టండి, జీతమిస్తాను" అన్నాడు.

ఓవెన్ గోడలోకి ఎక్కాక శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనానికి నాన్నను పిలిచాను. అత్త ఆయన ముందే అందుకుంది. "తండ్రి బల్ల దగ్గరికి కూతురొస్తుంది గానీ, పెళ్లికాని కూతురి బల్ల దగ్గరికి తండ్రి వెళ్లడం ఎక్కడైనా ఉందా అన్నయ్యా?" నాన్న "చూద్దాం" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో నీకే ఎప్పుడూ తెలియదు, ఇక నాకేం తెలుస్తుంది!

ఇప్పుడు నీకు చెప్పని మాట ఒకటి చెబుతాను. ఇన్నేళ్లూ నేనే దీన్ని ఇల్లనుకోలేదమ్మా. నువ్విచ్చిన మంచి పళ్లేలు పెళ్లయ్యాక తీద్దామని అట్టపెట్టెల్లోనే ఉంచాను. ప్రతి సబ్బాతుకూ ఎవరో ఒకరి ఇంట్లో అతిథినే. నా ఇంటికి ఒక్కరినీ పిలవలేదు. ఈసారి నాన్న కోసం వాటిని బయటికి తీశాను, ఆయన రాకపోతే మళ్లీ పెట్టెల్లో పెట్టేద్దామనుకున్నాను. గురువారం రాత్రి ఆ మాట తలుచుకుని ఏడ్చాను కూడా.

మర్నాడు సాయంత్రం ప్రార్థన కాగానే ఆయన నడుచుకుంటూ వచ్చారు, వెనకాలే అత్త. పరాయి ఇంట్లో మంచినీళ్లు తప్ప ముట్టని మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని ఓవెన్ ముందు నిలబడి, "ఆవిరి సంగతి చూశావా?" అని అడిగారు. అద్దం కథ చెప్పాను. అత్త వైపు తిరిగి, "ఈ ఉపాయం నాకు తట్టేది కాదు త్సిరెల్" అన్నారు. తర్వాత నన్నడిగారు: "నన్నెక్కడ కూర్చోమంటావమ్మా?"

చేప తిన్నారు, సూపు తాగారు, కోడి తిన్నారు. ఓవెన్లో ఎర్రగా కాల్చిన ఆలుగడ్డ కుగెల్ రెండోసారి అడిగి వేయించుకున్నారు. అత్త నా వంటకు వంక వెతుకుతూ వెతుకుతూ పళ్లెం ఖాళీ చేసింది.

భోజనమయ్యాక కృతజ్ఞతా ప్రార్థన. మన ఇంట్లో ఆ దీవెన దగ్గర పిల్లలందరం "మా నాన్న, ఈ ఇంటి యజమాని" అనేవాళ్లం కదా. నాన్న సరిగ్గా ఆ చోట ఆగిపోయారు. ఆయనకు ప్రార్థనలో మాట తడబడటం నేనెరుగను. అత్త తలెత్తి చూసింది. నాన్న కళ్లు మూసుకుని, మాట మాటా విడదీసి, అతిథి అనవలసినట్టే అన్నారు:

"కరుణామయుడు ఈ ఇంటి యజమానురాలిని దీవించుగాక. ఆమెను, ఆమె ఇంటిని, ఆమెకు కలిగినదంతటినీ."

"ఆమేన్!" అని గోడలదిరేలా అన్నది త్సిరెల్ అత్తేనమ్మా.

వచ్చే పండక్కి నువ్వు రా. ఎక్కడ కూర్చోవాలో నేను చెబుతాను.

ఇట్లు,
ఈ ఇంటి యజమానురాలు,
నీ పెద్ద కూతురు
బ్లూమా