హెడ్డుగారి మామూలు

అవనిగడ్డ, 4-6-1958

చింతరేవు స్టేషను సబిన్‌స్పెక్టరు ఈశ్వరప్రసాద్ గారికి, లక్ష్మీకాంతం నమస్కరించి రాస్తున్నది.

నేను మీ హెడ్ కానిస్టేబులు కోటేశ్వరరావు గారి భార్యను. మీరు స్టేషనుకు కొత్తగా వచ్చారని విన్నాను. ప్రతి నెలా గుడివాడ బస్సులో మావారికి మామూలు పంపుతుంటాను. మే నెల మామూలు చేరినట్టు జవాబు లేదు. మధ్యలో ఎవరు నొక్కేశారో విచారించగలరు. ఇక్కడ నేనొక్కదాన్నే. అడగడానికి ఎవరూ లేరు.

ఇట్లు,
లక్ష్మీకాంతం

తా.క.: జనవరి నుంచి ఎవరెవరికి చేరిందీ పుస్తకంలో రాసి ఉంచాను.

---

చింతరేవు, 7-6-1958

శ్రీమతి లక్ష్మీకాంతం గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మామూళ్ళ సంగతి ఇంత ధైర్యంగా రాసినవారిని నేను చూడలేదు. ఎవరికి, ఏ రూపంలో ముట్టిందో వెంటనే తెలపండి. భయపడకండి.

ఈశ్వరప్రసాద్

తా.క.: ఈ సంగతి మీ ఆయనతో అనకండి.

---

అవనిగడ్డ, 10-6-1958

సబిన్‌స్పెక్టరు గారికి నమస్కారాలు.

తమ్ముడిలా అడిగారు కాబట్టి దాచను. ముట్టింది సీసాల్లో. జనవరిలో రెండు: ఒకటి మావారికి, ఒకటి మిగతా అందరికీ. అందులో సగం కానిస్టేబులు పోతురాజే ఖాళీ చేశాడట. ఫిబ్రవరి సరుకు ఘాటెక్కువై ఇద్దరు కానిస్టేబుళ్ళకు కళ్ళ వెంట నీళ్ళు కారాయట. తయారీ అంతా మా పెరట్లోనే. అత్తగారు నేర్పిన విద్య.

మావారితో అనవద్దన్నారు. ఆయన కనిపిస్తే కదండీ అనడానికి. పోయిన దసరాకు వెళ్ళిన మనిషి.

లక్ష్మీకాంతం

తా.క.: మీకూ ఒక సీసా పంపనా?

---

చింతరేవు, 13-6-1958

అమ్మా,

మద్యనిషేధం ఉన్న జిల్లాలో, పోలీసు ఇంటి పెరట్లో సారాయి! పైగా అధికారికే సీసా ఇవ్వజూపారు.

నా మనుషులను విడివిడిగా నిలబెట్టి అడిగాను. అందరిదీ ఒకే మాట: "మాగాయ పచ్చడండీ." రైటరు కొండయ్య ఆ మాటే కాగితం మీద పెట్టి అందరిచేత సంతకాలు చేయించి తెచ్చాడు. ఇంత ఐకమత్యం ఊరికే ఉండదు. ఇరవయ్యో తేదీన మీ ఇంట్లో సోదా. దారి చూపడానికి మీ ఆయన్ని కూడా పంపుతున్నాను.

ఈశ్వరప్రసాద్

తా.క.: పెరట్లో ఏదీ కదపకండి.

---

అవనిగడ్డ, 16-6-1958
రిజిస్టరు పోస్టు

ఈశ్వరప్రసాద్ గారికి నమస్కారాలు.

సీసాల్లో ఉన్నది మాగాయే. మే నెల సీసా చేరలేదన్నది మాత్రం అబద్ధం. క్షమించండి. పద్దెనిమిదేళ్ళు పోలీసు కాపురం చేసినదాన్ని, మామూలంటే ఏమిటో నాకు తెలియదా?

మావారు ఎనిమిది నెలల్లో ఆరుసార్లు సెలవుకు అర్జీ పెట్టారు. రైటరు కొండయ్య చేయి తడిపితేనే అర్జీ పై అధికారి బల్ల మీదకు వెళ్తుందట. మావారు తడపరు. మీ స్టేషనుకు వచ్చే ఉత్తరాలు ముందు విప్పేది కూడా కొండయ్యే. ఉన్నమాట రాస్తే అదీ అతని సొరుగులోకే పోయేది. పచ్చడి గొడవ కాబట్టి నవ్వుకుని మీ చేతికిచ్చి ఉంటాడు. అందుకే ఇది మీ సంతకానికే అందేలా పంపుతున్నాను. ఆ సొరుగు తీయించండి. ఆరు అర్జీల తేదీలు వెనకవైపు రాశాను.

సోదా మాత్రం ఆపకండి. సెలవడిగితే మంది చాలరని కొండయ్య అన్నాడట, సారాయి అనేసరికి మంది దొరికారు. మావారు గడప దాటి లోపలికొచ్చే దారి నాకు ఇదొక్కటే కనిపించింది.

ఇట్లు,
మీ అక్కలాంటి
లక్ష్మీకాంతం

తా.క.: మాది రెండు గదుల ఇల్లు. మీవాళ్ళు చురుకైతే అరగంటలో వెతకడం అయిపోతుంది. కాస్త నిదానంగా వెతకమని చెప్పండి.