డబ్బా మీది కొలత

అమ్మకి,

నీ పెద్దపిల్ల నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. నువ్వూ, నీకీ ఉత్తరం చదివి వినిపిస్తున్న చెల్లీ కులాసా అని తలుస్తాను. ఒసేయ్ పిచ్చుకా, నీకు నచ్చని లైన్లు మింగేయకుండా చదువు.

"పిల్ల పూటకి ఎంత తాగుతోందే?" అని అడిగావు. మూడో నెల కదా, నూట ఇరవై మిల్లీలీటర్లు, కాస్త అటూ ఇటూ. అంటే మనింట్లో చిన్న టీ గ్లాసుడు. ఒక్కోసారి సగంలోనే తల తిప్పేస్తుంది. మొదట్లో సీసాలో మిగిలినదంతా పట్టాలని చూసేదాన్ని. నా భుజం మీదే కక్కేసేది. "గీత దాకా తాగాలని దానికెవరు చెప్పారు?" అని మీ అల్లుడు నవ్వారు. నర్సమ్మ కూడా, "సీసా వంక కాదమ్మా, పిల్ల మొహం వంక చూడు. గుడ్డలు తడుపుతోందా, బరువు పెరుగుతోందా, అంతే" అంది.

సీసా ఏమిటే అని ఈపాటికి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి ఉంటావు.

అవునమ్మా. నా పాలు చాలలేదు. పిల్ల బరువు పెరగడం ఆగిపోతే డాక్టరమ్మ డబ్బా పాలు కూడా పట్టమంది. మందుల షాపులో రోజంతా వచ్చినవాళ్లందరికీ ఏది ఎంత వేసుకోవాలో చెప్పే నేను, నీకు ఈ మాట చెప్పలేక "బాగా తాగుతోంది" అని రాసి ఊరుకున్నాను. ఇప్పుడు బరువు పెరుగుతోంది, భయం లేదు. కానీ డబ్బా మూత తీసినప్పుడల్లా తల్లిగా తక్కువైపోయాననిపించేది.

మొన్న ఆ డబ్బా తిప్పి కొలత చదువుతుంటే నువ్వు పనిచేసిన లాండ్రీ గది కళ్లముందుకొచ్చింది. తడి దుప్పట్ల ఆవిరికి కిటికీ అద్దం చెమర్చేది. చెల్లి నీ ఒళ్లో గుక్కపెట్టి ఏడుస్తుంటే, డబ్బా నా చేతికిచ్చి "చదవవే తల్లీ" అనేదానివి. నేను బడిలో పాఠం అప్పజెప్పినట్టు నిటారుగా నిలబడి, "ముందు కాచి చల్లార్చిన నీళ్లు! తరవాత పొడి, చెంచా అంచుకి సమంగా!" అని అరిచేదాన్ని. నీకు నోటికొచ్చేసినా ప్రతిసారీ చదివించేదానివి. "మీ అమ్మాయి అప్పుడే డాక్టరమ్మయిపోయింది" అని పక్కబల్ల అత్తలు వేళాకోళం చేస్తే నీ మొహం వెలిగిపోయేది.

నా చదువు మనింటికి పనికొచ్చింది అదే మొదలు. ఇన్నేళ్లూ ఆ గర్వమే దాచుకున్నాను కానీ, ఆ డబ్బా మనింటికి ఎందుకొచ్చిందో ఒక్కసారీ ఆలోచించలేదు. నీకూ చాలలేదు కదమ్మా? నువ్వూ ఎవరికీ చెప్పుకోలేదు కదా?

ఆ పాలు తాగి పెరిగిన గొంతేగా ఇప్పుడు వీధి చివరిదాకా వినిపించేలా ఈ ఉత్తరం చదువుతోంది!

కొలత నాకు కంఠతా వచ్చు. అయినా ఇప్పుడు పాలు కలిపే ప్రతిసారీ డబ్బా పట్టుకుని, నిటారుగా నిలబడి, పైకే చదువుతున్నాను. పిల్ల ఏడుపాపి వింటుంది. అచ్చం అప్పట్లో చెల్లి విన్నట్టే.

ఇట్లు,
నీకు డబ్బా చదివిపెట్టిన
నీ పెద్ద కూతురు