తలుపును నూకకు

యమునక్కా,

తలుపు బాగు చేసిన. సోలాపూర్ల నాకంటె పెద్ద మిస్త్రీ లేడు. ఇగ చిటికెన వేలుతోని నూకినా తెరుసుకుంటది.

కానీ నువ్వు నూకకు. బీడీల గంప ముందు కింద పెట్టు. తలుపును రెండు చేతులతోని పైకి లేపి మెల్లగ పక్కకు జరుపు. మీద పడితే ఒర్లకు, పట్టుకొని అట్లనే నిలబడు, నేనొస్త. మొలల కోసం అశోక్ చౌక్‌కు ఉరుకుతున్న.

నర్సప్ప

ఇంకోటి. తలుపు పాతదయి కుంగిందని ఇంటి మాల్కిన్ సుందరాబాయితోని కొట్లాటకు పోతనన్నవు గద, పోకు. నిన్న ఆమె కిటికీలకెళ్లి అంతా చూసింది. నిన్ను బెదిరిద్దామని నేనే తలుపెక్కి కూసున్న. నువ్వు రాలే, తలుపు బందు ఊడొచ్చింది.